కంప వేసిన గదిలో మూడో నెంబరు

రెండువేల ఎనిమిదో సంవత్సరం, మార్గశిర మాసం. ఐరాలలో మూడు రోజులుగా పట్టిన ముసురు విడవలేదు. రుక్మిణమ్మ నడవలో చాప వేసుకుని, నానబెట్టిన అనపగింజల గిన్నె ముందర పెట్టుకుని పప్పు పితుకుతా ఉంది. గింజను బొటనవేలితో నొక్కితే పప్పు చటుక్కున జారి గిన్నెలో పడుతుంది, తోలు వేళ్ళ మధ్య నిలుస్తుంది. చెయ్యి దాని పాటికది పని చేసుకుపోతూ ఉంటే మనసు ఊరంతా తిరిగి వస్తుంది.

తిరిగి తిరిగి ఆమె మనసు వచ్చి వాలేది మాత్రం నడవ చివరి తలుపు మీదే.

ఆ తలుపుకు తాళం. తాళానికి అడ్డంగా ఎండిన తుమ్మకంప. చెల్లెలు పంకజాక్షి శ్రావణంలో ఆ గదిలోనే కన్ను మూసింది. ధనిష్ఠా నక్షత్రం. ఆ నక్షత్రంలో ప్రాణం పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాల. ఇల్లంతా విడిచి ఎక్కడికి పోతారు? గది వరకు పాడుపెడితే చాలునని పురోహితుడు ఒప్పుకున్నాడు. శవం గడప దాటిన గడియలోనే తాళం పడింది, కంప పడింది. ఆరు నెలలు అందులో దీపం పెట్టరాదు, చీపురు వేయరాదు, మనిషి అడుగు పెట్టరాదు. అడుగు పెట్టిన వాళ్ళు ఏడాది తిరగరు అంటారు. ఆ తలుపు ముందర పోయినోళ్ళ పేరు కూడా ఎత్తరాదు. వాళ్ళకు పని చెప్పడం అంతకన్నా రాదు.

నాలుగు నెలలు గడిచాయి. ఇంకా రెండు ఉన్నాయి. తాళంచెవి రుక్మిణమ్మ రొండిన ఉంది. స్నానానికి పోయినా దాన్ని తీసి పెట్టదు. ఆ దోషానికే శాంతి చేయించాలని కొడుకు ధనంజయ, కోడలు నిన్న శ్రీకాళహస్తికి పోయారు. వానకు అక్కడే చిక్కుకున్నారు. ఇంట్లో ఉన్నది అవ్వా, మనవరాలు ఇద్దరే.

"అవ్వా, మళ్ళీ పోయినాది!" కిటికీ పక్కన బల్ల మీంచి మహిత అరిచింది.

"ఏందమ్మే పోయినాది? కరెంటా?"

"కరెంటు కాదు, నెట్టు. ఈ డబ్బా నా ప్రాణానికొచ్చినాది."

మహితకు ఇరవై రెండేళ్ళు. డాక్టర్లు చెప్పే మాటలు చెవిలో పెట్టుకుని విని, ల్యాప్‌టాప్‌లో టైపు చేసి, చిత్తూరు ఆఫీసుకు పంపడం ఆమె పని. ఆ పని బయటికి పోవాలంటే ఫోను తీగలో పోవాల. ఫోను తీగ వచ్చేది పంకజాక్షి గదిలోకి. తీగ కొసన అరచేయంత నల్లడబ్బా, మోడెం అంటారు, బల్ల మీద కూర్చుని ఉంటుంది. డబ్బాలోంచి ఒక నీలం తీగ తలుపు పైన వెంటిలేటరులోంచి బయటికి వచ్చి, గోడ వెంబడే పాకి, మహిత ల్యాప్‌టాప్‌ దాకా వస్తుంది. ఆ రోజు ఏడుపుల్లో తాళం వేసినప్పుడు డబ్బా సంగతి ఎవరికి గుర్తుంటుంది? అది లోపలే ఉండిపోయింది, వెలుగుతానే.

డబ్బాకొక జబ్బు ఉంది. రోజుకొకసారి మొద్దుబారి పోతుంది. ఆపి మళ్ళీ వేస్తే తెలివిలోకి వస్తుంది. పంకజాక్షి ఉన్నన్నాళ్ళు మహిత ఇక్కడి నుంచి "చిన్నవ్వా, డబ్బా!" అని ఒక్క కేక వేసేది. లోపల టక్... టక్. అంతే. టెలిఫోను ఎక్స్‌చేంజిలో ముప్పై ఏళ్ళు తీగలు కలిపిన చెయ్యి అది. తర్వాత నాలుగు నెలలుగా డబ్బా ఏ పుణ్యానో అంత మొండికెయ్యలేదు. ఈ ముసురులోనే మొదలుపెట్టింది.

"అవ్వా, తాళంచెవి ఇయ్యి. ఒక్క నిమిషం. కన్ను మూసుకుని పోయి, ఆపి, వేసి, వచ్చేస్తా."

రుక్మిణమ్మ వేళ్ళ మధ్య గింజ నలిగిపోయింది. "ఆ మాట ఇంకొకసారి అనద్దు."

"ఆరు గంటలకు ఫైలు పోవాలవ్వా. ఈ నెలలో రెండుసార్లు తప్పినాది. ఈసారి తప్పితే పేరు కొట్టేస్తానని ఆఫీసులో ప్రతాప్ సార్ మొఖం మీదే చెప్పినాడు."

"చిత్తూరికి పోయి ఇచ్చి రారాదా?"

"కాణిపాకం కాడ ఏరు రోడ్డెక్కినాది. ఈదుకుంటా పోనా?"

"మెయిన్ స్విచ్చి ఆపితే?"

మహితకు నవ్వొచ్చింది. "తెలివిమంతురాలివే! గానీ మంచం కింద యూపీఎస్ పెట్టింది గదా నీ చెల్లెలు. కరెంటు పోయినా మూడు గంటలు మోస్తాది డబ్బాను. అంత ముందుచూపు మనిషి." అనేసి నాలుక కరుచుకుంది. తలుపు వైపు చూసింది. అవ్వ కూడా చూసింది.

గోడ గడియారం నాలుగూ పది చూపుతా ఉంది.

"ఇంకొక దావ ఉండాదిలే," అంది మహిత కుర్చీ ముందుకు లాక్కుని. "డబ్బాకు బయటికి దారి మూసుకుపోయినాది గానీ, నాతో మాట్లాడతాది. దానిలోపల ఒక పేజీ ఉంటాది. మన బ్యాంకు ఫారం మాదిరి. పేరు, రహస్యపు మాట రాసి లోపలికి పోతే, ఆపి వెయ్యి అనే బొత్తాము ఉంటాది. గానీ నా ల్యాప్‌టాప్‌లో ఆ పేజీ సరిగా రాదు, తెల్లగా వస్తాది, బొత్తాము కనపడదు."

"కనపడని బొత్తాము ఎట్ల నొక్కుతావే?"

"బొత్తాము నొక్కితే డబ్బాకు ఒక ఉత్తరం పోతాది. ఆ ఉత్తరం ఎట్లుంటాదో నాకు తెలుసు. నేనే రాసి పంపిస్తా."

రుక్మిణమ్మకు అది వింతగానూ ఉంది, సబబుగానూ ఉంది. యాభై ఏళ్ళకు రాత్రిబడిలో అక్షరాలు నేర్చి ఆమె రాసిన మొదటి పని కూడా ఒక దరఖాస్తే. చేతులు కడుక్కుని వచ్చి మనవరాలి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరసలు కట్టాయి. మహిత ఒక మీట నొక్కింది. రెప్పపాటులో కిందికి జాబు జారింది.

"ఏమంటాది?"

"నువ్వెవరు, ముందు పేరు చెప్పు అంటాంది. సరే, పేరూ మాటా కలిపి రాస్తా."

రాసింది. పంపింది. మళ్ళీ అదే జాబు.

"ఇప్పుడేం రోగం?"

మహిత గోరు కొరుకుతూ ఆలోచించి, నుదురు కొట్టుకుంది. "నాదే తప్పు. కాణిపాకంలో దర్శనం చీటీ ఇస్తారు సూడు, రెండో గేటు కాడ మళ్ళీ చూపించాల. ఇది కూడా లోపలికి పోంగానే ఒక చీటీ ఇచ్చినాది. నేను దాన్ని పారేసి రెండో గేటు కాడ నిలబడినా."

"చీటీ పారేస్తే దేవుడు కూడా లోపలికి రానియ్యడులే," అంది అవ్వ. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకు నడవలో చలి కొంచెం తగ్గినట్టయింది.

చీటీని దాచిపెట్టుకునేలా రాసి, చదివి, సరిచూసి, మళ్ళీ పంపేసరికి ఐదున్నర. ఈసారి జాబు వేరేగా వచ్చింది. మహిత నవ్వబోయి ఆగిపోయింది.

"ఏమమ్మే?"

"ఒకసారికి ఒకరినే లోపలికి రానిస్తాది అవ్వా ఈ డబ్బా." గొంతు మామూలుగానే ఉంది. "లోపల ఇంకొకరు ఉండారంట. వాళ్ళు బయటికి వచ్చేదాకా కాసుకోమంటాంది."

"ఇంకొకరంటే?"

"ఇంకొక మిషను. దీనికి తగిలించిన ఒక్కొక్క దానికి ఒక నెంబరు ఇస్తాది. ఒకటి డబ్బాదే. నాది రెండు. లోపల ఉండేది... మూడు."

"మూడు ఎవరిది?"

మహిత నడవ అంతా కలయజూసింది. ఇంట్లో ఇంకొక మిషను లేదు. ఆ గదిలో ఇనుప మంచం, బల్ల, డబ్బా, యూపీఎస్ తప్ప ఇంకేమీ లేవు. తాళం వేసేటప్పుడు రుక్మిణమ్మ తన కళ్ళతోనే చూసింది.

"పక్కింటోళ్ళది ఏమన్నా..."

"గాలిలో పోయే రకం కాదవ్వా ఇది. తీగ తగిలిస్తేనే. డబ్బా వెనక నాలుగు బెజ్జాలు ఉంటాయి. మొదటి దాంట్లో మన నీలం తీగ. తక్కినవి మూడూ ఖాళీ." తెర మీద వేలు పెట్టి చూపించింది. "రెండో బెజ్జంలో ఏదో పెట్టి ఉండాదని చెప్తాంది."

వాన చూరు మీద ఒకే తీరుగా కురుస్తా ఉంది. వంటింట్లో ఎక్కడో చుక్క చుక్కగా కారుతా ఉంది.

"పాత లెక్క ఏదో మర్చిపోయి ఉంటాదిలే," అంది మహిత గట్టిగా, తనకు తానే చెప్పుకున్నట్టు. "ఐదు నిమిషాలు ఏమీ చెయ్యకుండా ఊరికే ఉంటే డబ్బానే వాళ్ళను బయటికి తోసేస్తాది. కాసుకుందాం."

కాసుకున్నారు. రుక్మిణమ్మ గడియారం ముల్లు వంకే చూసింది. ఐదు నిమిషాలు. మహిత మీట నొక్కింది. లోపల ఒకరు ఉన్నారు. మళ్ళీ ఐదు నిమిషాలు. లోపల ఒకరు ఉన్నారు. ఇంకో ఐదు.

"బయటికి తోయలేదంటే..." మహిత గొంతు సన్నగా అయింది. "ఊరికే లేరన్న మాట. లోపల ఏదో ఒకటి నొక్కుతానే ఉండారు."

అప్పుడే కరెంటు పోయింది.

సందె చీకటి ఒక్కసారిగా నడవలోకి దూకింది. ల్యాప్‌టాప్ వెలుగు మహిత గడ్డం కింద పడి, ఆమె మొఖం ఎవరిదో అయిపోయింది. మూసిన గదిలోంచి యూపీఎస్ కూత మొదలుపెట్టింది. కీక్... కాసేపాగి, కీక్... కరెంటు పోయినప్పుడల్లా అది అరిచేదే. నాలుగు నెలలుగా వింటున్న కూతే. రుక్మిణమ్మ తడుముకుంటూ లేచి దీపం వెలిగించింది. కిరసనాయిలు వాసన, తడిగోడల వాసన. వాటి కింద ఇంకొక వాసన ఏదో... అలవాటైనదే. పేరు గుర్తుకు రాలేదు.

కీక్...

కీక్...

ఆగిపోయింది.

రుక్మిణమ్మ దీపం పట్టుకుని నిలబడిపోయింది. కరెంటు రాలేదు. ఇంకా చీకటే.

"బ్యాటరీ అయిపోయినట్టుంది," అంది గుసగుసగా.

మహిత తల అడ్డంగా ఆడించింది. "అయిపోయి ఉంటే డబ్బా ఆరిపోవాల. ఆరలేదు. ఇంకా జాబిస్తాంది." కాసేపటికి మళ్ళీ అంది, "కూత ఆపాలంటే దాని ముందరి బొత్తాము వేలితో నొక్కాలవ్వా."

వేలితో.

రుక్మిణమ్మ చెయ్యి రొండిన ఉన్న తాళంచెవి మీదికి పోయింది.

మహిత చేతిలో సెల్లు కూసింది. ఇంట్లో సిగ్నలు సరిగా అందదు, వీధి అరుగు మీదికి పోవాల. ఉత్తరం నిమిషానికొకసారి దాని పాటికది పోయేలా ఒక వరస రాసిపెట్టి, లేస్తూ ఆమె అవ్వ రొండి వంక చూసింది. ఆ కళ్ళల్లో భయం ఉంది, భయం మీద మొండితనం ఉంది. ఇరవై రెండేళ్ళ మొండితనం.

"ప్రతాప్ సార్‌తో మాట్లాడి వస్తా. ఇంకొక పది నిమిషాలు అడుగుతా. కుదరదంటే తలుపు తీస్తా. నువ్వు చెవి ఇయ్యకపోతే తాళం పగలగొడతా. ఏదో తీగ తగులుకుని ఉండాది, అంతే. దెయ్యాలు ఫారాలు నింపుతాయా యాడన్నా?"

"మహీ..."

"ఎవరో ఒకరు పోయి చూడాల గదవ్వా!"

ఆమె పోయింది. వానలో ఆమె మాటలు ముక్కలు ముక్కలుగా వినబడుతున్నాయి. సార్... కాదు సార్... ఒక్కసారి సార్...

రుక్మిణమ్మ ఆ పిల్ల పుట్టినప్పుడు బొడ్డు కోసిన చేతుల్ని చూసుకుంది. తాళంచెవి చల్లగా నడుముకు అంటుకుని ఉంది. బావిలో పారేద్దామా? తాళం పగలగొడుతుంది. కాళ్ళు పట్టుకుందామా? తోసుకుని పోతుంది. అడుగు పెడితే ఏడాది తిరగదు. పిల్లను లోపలికి పోనివ్వకూడదు. పని మాత్రం అయిపోవాల.

దావ ఒకటే కనబడింది. చెయ్యకూడని పని అది. తెలుసు.

దీపం నేల మీద పెట్టి, తలుపు దగ్గరికి పోయింది. కంప ముళ్ళు చెంపకు తగిలేంత దగ్గరగా నోరు పెట్టింది.

"పంకజా," అంది. నాలుగు నెలల తర్వాత ఆ పేరు నోట్లోంచి రావడం అదే. "నేనే, అక్కను. పిల్ల తొందరపడతాంది తల్లీ. డబ్బా ఒకసారి ఆపి వెయ్యమ్మా. ఎప్పటి మాదిరే."

చెవి తలుపు వైపు తిప్పింది.

వాన కూడా ఒక్క క్షణం ఊపిరి బిగపట్టినట్టయింది.

లోపల ఇనుప మంచం కిర్రుమంది... కూర్చున్న మనిషి లేస్తే వచ్చే చప్పుడు. తర్వాత నేల మీద అడుగులు. మెత్తగా. తొందర లేదు. ఒకటి... రెండు... మూడు...

టక్.

రుక్మిణమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

టక్.

వీధిలోంచి మహిత తడిసిన పాదాలతో పరుగున వచ్చింది. "ఐదు నిమిషాలు ఇచ్చినాడు! చెవి తియ్యి అవ్వా..." అంటూ తెర చూసి ఆగిపోయింది. నల్లటి తెర మీద వరసలు గబగబా పరుగెడుతున్నాయి. "అరె! వచ్చేసినాది! అవ్వా, లైను వచ్చేసినాది! నిమిషానికొకసారి అదే పంపుకోమని పెట్టి పోయినా గదా, నా ఉత్తరం చెల్లినట్టుండాది!"

రుక్మిణమ్మ తలుపు పక్క గోడకు వీపు ఆనించి నిలబడే ఉంది. మహిత ఫైలు పంపింది. ఆరుకు నాలుగు నిమిషాలు తక్కువ. అరుగు మీదికి పోయి సెల్లులో మాట్లాడి, నవ్వుతూ వచ్చింది.

"ముట్టినాదంట. పేరు కొట్టెయ్యడంట. సూసినావా, తాళం తియ్యాల్సిన పనే లేకపోయె! ఏందట్ల బిగుసుకుపోయినావు? రా, కూర్చో, కాఫీ పెట్టిస్తా."

రుక్మిణమ్మ ముక్కాలిపీట మీద కూలబడింది. పిల్ల లోపలికి పోలేదు. అది చాలు. పిల్ల గడప దాటలేదు. కాఫీ వేడి అరచేతులకు తగిలేసరికి ఆమె కంట్లో నీళ్ళు తిరిగాయి. చెప్పరాని మాట చెప్పింది, పిలవరాని పేరు పిలిచింది. అయితే ఏం, తోడబుట్టింది. అక్క మాట విన్నది. అంతే గదా? అంతే.

"ఆ మూడో నెంబరు సంగతేందో సూద్దాం," అంది మహిత కాఫీ ఊదుకుంటూ. భయం తీరాక వచ్చే హుషారు అది. "ఇప్పుడు లోపల ఎవరూ లేరు. నా పేరే చెల్లినాది. ఇదిగో, ఏ బెజ్జంలో ఎవరుండారో మొత్తం చెప్తాంది. రెండో బెజ్జం... ఖాళీ. సూడు, ఆరిపోయినాది."

"పోయిందా?" రుక్మిణమ్మ ఊపిరి వదిలింది. "పోతే మంచిదే. పోనీ తల్లీ."

"రెండో బెజ్జంలో పోయినాది గానీ..." మహిత కళ్ళు చిట్లించి తెరకు దగ్గరగా వంగింది. "మూడో నెంబరు పోలేదవ్వా. మొదటి బెజ్జంలో ఉండాది."

"మొదటిది మనది గదా."

"ఊఁ. మన నీలం తీగ." గొంతు మళ్ళీ సన్నబడింది. "తీగకు ఈ కొసన ఉండేది నేనొక్కదాన్నే. ఒక తీగ మీద ఇద్దరు ఎట్ల..."

రుక్మిణమ్మ తల ఎత్తింది. వెంటిలేటరు దగ్గర మొదలైన నీలం తీగ గోడ వెంబడి వచ్చింది. మేకు మేకుకూ వేలాడుతూ వచ్చింది. కిటికీ దాటి, బల్ల కాలు చుట్టుకుని, పైకెక్కి, మహిత మోచేతి పక్కకు వచ్చి ఆగింది. ఆ దారంతా ఆమె చూపు నడిచింది. దారిలో ఎవరూ లేరు. తీగ కొసన మనవరాలు ఉంది. మనవరాలి కుర్చీ వెనక చీకటి ఉంది. పేరు పెట్టి పిలిచింది తనే.

"ఆపెయ్ తల్లీ," అంది. "మూసెయ్ దాన్ని."

"ఒక్క నిమిషం. పేజీ తెరిచి సూస్తా." మహిత తెరిచింది. ఎప్పుడూ తెల్లగా వచ్చే పేజీ ఈసారి నిండుగా వచ్చింది. మధ్యలో రెండు గడులు. పైన పేరు రాసే గడి, కింద రహస్యపు మాట రాసే గడి. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయని ఆమె రెండు చేతులూ కాఫీ గ్లాసుకు చుట్టుకుంది.

పై గడి ఖాళీగానే ఉంది. కింది గడిలో ఒక చుక్క పడింది.

నల్లటి చుక్క. గుండ్రంగా.

దాని పక్కన ఇంకొకటి.

"అవ్వా," మహిత గ్లాసు వదలకుండానే అంది. "నేను... నొక్కడం లేదు."

చుక్కలు పడుతున్నాయి. ఒకటి. కాసేపాగి ఒకటి. అక్షరం వెతుక్కుని, దొరికాక నొక్కినట్టు. రుక్మిణమ్మ తెర వైపు వంగింది. ముసలితనంలో నేర్చిన చదువు ఆమెది. గోడ మీద రాత, బస్సు మీద రాత, పొట్లం కట్టిన కాగితం మీద రాత, ఏది కనిపించినా కూడబలుక్కుని చదవకుండా వదలదు. ఈ గడిలో రాసేది మాత్రం పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా కనపడదు. చుక్కలే. ఏ అక్షరమైనా చుక్కే.

"డబ్బా మాట ఎనిమిది అక్షరాలే," మహిత చుక్కల్ని లెక్కపెడతా అంది. "ఎనిమిది అయిపోతే... ఆగిపోతాదవ్వా..."

ఎనిమిది పడ్డాయి.

తొమ్మిదోది పడింది.

పదోది... పదకొండోది... ఇప్పుడు తడుముకోవడం లేదు. గబగబా, ఒకదాని వెనక ఒకటి, చాన్నాళ్ళుగా చెప్పాలనుకున్నది ఏదో చెప్పుకుపోతున్నట్టు.

గడి నిండిపోయింది. చుక్కలు ఆగలేదు.